నియమాల లెక్కల్లో ఆట సరదా పోతోంది: తిరిగి తెచ్చుకోవడం ఎలా?

ఆదివారం ఆట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హైదరాబాదులో మేము ఐదుగురు మిత్రులం ఆదివారాలు పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ ఆడుతుంటాం. ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట ఇది. కథ నడిపి, రాక్షసులను ఆడించి, తీర్పులు చెప్పే గేమ్ మాస్టర్‌ను నేనే. లాక్‌డౌన్ రోజుల్లో, ఇలాంటి ఆటలను ఆన్‌లైన్‌లో ఆడించే ఫౌండ్రీ సాఫ్ట్‌వేర్ మీద మొదలైన ఈ ఆట, అందరం మళ్లీ ఒకే ఊరికి చేరాక మా ఇంటి భోజనాల బల్ల మీదికి వచ్చింది. ఎదురెదురుగా కూర్చుని ఆడితే సరదా రెట్టింపవుతుందని అనుకున్నాం గానీ, ఇప్పుడు ఎవరు నోరు తెరిచినా పక్కవారు ఫోను తీసి ఆర్కైవ్స్ ఆఫ్ నేథిస్ అనే నియమాల వెబ్‌సైటులో నియమం వెతకడం మొదలుపెడుతున్నారు.

మొన్నటి ఆటలోని ఒక సంగతి చెబితే నా బాధ మీకు అర్థమవుతుంది. గోబ్లిన్లు తాళ్ల వంతెన మీదుగా పరుగెత్తి వస్తున్నారు. రోగ్ (దొంగలాంటి చాకచక్యం గల పాత్ర) ఆడుతున్న మిత్రుడు తన సంచిలో దీపం నూనె ఉందని, దాన్ని వంతెన మీదికి విసిరి తగలబెడతానని అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ ఒక్కసారి ముందుకు వంగారు. ఆ తర్వాత లెక్కలు మొదలయ్యాయి. నూనె సీసా సిద్ధం చేయడానికి ఒక యాక్షన్ (ఒక వంతులో చేయగల కొద్ది పనుల్లో ఒకటి), విసరడానికి ఇంకొకటి. అది అంటుకోవాలంటే ఇరవై ముఖాల పాచిక మీద పదో అంతకన్నా ఎక్కువో పడాలి. అంటుకున్నా నష్టం ఒక ఆరు ముఖాల పాచిక మాత్రమే. తడిసేది ఒక్క చదరమే. ఇక తాడు హార్డ్‌నెస్ (దెబ్బను తట్టుకునే గట్టితనం) ఎంత, దానికి హిట్ పాయింట్లు (ఎంత దెబ్బకు తెగుతుందో చెప్పే అంకె) ఎన్ని అన్న చర్చ ఎంతసేపు సాగిందంటే, చివరికి మా రోగ్ విసిగిపోయి, "సరేలే, బాణమే వేస్తాను" అన్నాడు.

ఈ ఆట వదిలేసి మరో ఆటకు మారడం మాకు కుదరదు. మాలో ఇద్దరికి పాత్రలను లెవెల్ లెవెల్‌కూ (అంచెలంచెలుగా, కొత్త శక్తులు ఎంచుకుంటూ) చెక్కుకోవడమే పెద్ద ఆనందం, వాళ్లను పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఇదే ఆటలో ఉంటూ పాత సరదాను ఎలా రాబట్టుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాచికల పెట్టె

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉందండీ. ఈ నియమాలన్నీ మీరు ఫౌండ్రీలో ఆడినప్పుడూ ఉన్నాయి, కాకపోతే వాటిని మోసింది యంత్రం. ఒకే వంతులో మొదటి దాడి, మైనస్ ఐదుతో రెండో దాడి, మైనస్ పదితో మూడో దాడి అని మూడు బొత్తాలు తెర మీద సిద్ధంగా ఉండేవి. ఫ్రైటెన్డ్ (భయపడిన) స్థితిలో ఉన్నవాడికి తగ్గాల్సిన అంకె దానంతటదే తగ్గేది. ఒకే రకం బోనస్‌లు రెండు వస్తే పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలన్న సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోనక్కరలేకపోయింది. ఇప్పుడు ఆ పని మొత్తం మీ తల మీద పడింది. నలభైకి పైగా ఉన్న ఇలాంటి స్థితులను, అంటే కండిషన్‌లను, మనసులో పెట్టుకుని గోబ్లిన్ గొంతుతో మాట్లాడటం ఎవరికైనా కష్టమే.

కాబట్టి బరువును పంచండి. ప్రతి ఆటగాడూ తాను తరచుగా చేసే పనులకు కలపాల్సిన అంకెను అన్నీ కలిపి ముందే ఒక కాగితం మీద రాసుకోవాలి, దాడికైతే మూడు అంకెలూ రాసుకోవాలి. కండిషన్‌లకు అట్టముక్కలు చేసి, ఎవరికి ఏది తగిలితే ఆ ముక్క వారి ముందు పెట్టండి. బార్డ్ (పాటతో జట్టుకు బలమిచ్చే పాత్ర) పాట వల్ల వచ్చే ప్లస్ ఒకటిని గుర్తుచేయాల్సిన బాధ్యత బార్డ్ ఆడేవారిదే. మీరు రాక్షసుల లెక్క ఒక్కటే చూసుకోండి. ఇంతమాత్రానికే పోరాటం ఎంత త్వరగా నడుస్తుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు.

పాత పటం

పై మిత్రుల సలహా మంచిదే గానీ, దానితో లెక్క వేగంగా జరుగుతుందే తప్ప వంతెన తగలబడదు. అక్కడ లోపం వేగంలో లేదు. ఆటగాడు ఒక ఆలోచన చెప్పిన వెంటనే బల్ల దగ్గర అందరూ దాన్ని పుస్తకంలో వెతికారు, అతనికి ఏం కావాలో మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ తగవు మన ఆటలకన్నా పాతది. ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే అధికారి 1824లో పటం, పాచికలు, నష్టాల పట్టికలతో ఒక యుద్ధక్రీడను తయారుచేశాడు. పట్టికలు చూసుకుంటూ ఆడటం మందకొడిగా ఉందనీ, నియమాలు మధ్యవర్తి చేతులు కట్టేస్తున్నాయనీ తర్వాతి తరం అధికారులు విసుక్కున్నారు. 1876లో వెర్డీ దు వెర్నువా అనే అధికారి ఆ పట్టికలను పక్కన పెట్టి, యుద్ధం తెలిసిన మధ్యవర్తి తన వివేకంతో ఫలితం చెబితే చాలన్నాడు. ఏ పనినైనా ప్రయత్నించవచ్చు, ఫలితాన్ని మధ్యవర్తి తేలుస్తాడన్న ఆ ఆలోచనే అమెరికాలో మినియాపొలిస్ ప్రాంతపు యుద్ధక్రీడల బృందాల దాకా వచ్చింది. డేవ్ ఆర్నెసన్ ఆ బృందాల వాడే. ఆయన గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చాడు. గేమ్ మాస్టర్ కుర్చీ పుట్టిందే పుస్తకంలో లేని పనికి జవాబు చెప్పడానికన్నమాట. ఆ కుర్చీలో కూర్చున్నవారే ముందుగా ఫోను తీయడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఇక మీ వంతెన దగ్గరికి వస్తాను. మొదట మీ రోగ్‌ను అడగాల్సింది ఒక్కటే: గోబ్లిన్లు ఆగితే చాలా, వంతెన తెగాలా? గోబ్లిన్లు ఆగితే చాలని అతనంటే, మీ జట్టు మూడో లెవెల్‌లో ఉందనుకుందాం, ఆ లెవెల్‌కు పుస్తకమే ఇచ్చిన కష్టాంకం, అంటే పని నెరవేరడానికి చేరుకోవాల్సిన మొత్తం, 18. పని కాస్త కష్టమనిపిస్తే రెండు కలిపి 20 అనండి. విసరడానికి ఏ అంకె కలుపుకుంటాడో ఆ అంకెను కలిపి ఒక్కసారి పాచిక వేయించండి. పాత్‌ఫైండర్‌లో ఫలితానికి నాలుగు మెట్లున్నాయి కదా, వాటిని వాడుకోండి. 30 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే తాళ్లు తెగి ముందున్న గోబ్లిన్లు లోయలోకి పోతారు. 20 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే మంట అడ్డుగోడలా లేచి రెండు రౌండ్లు (అందరి వంతులూ రెండుసార్లు పూర్తయ్యేదాకా) ఎవరినీ రానివ్వదు. 20కి చేరకపోతే ఒకటి రెండు పలకలు అంటుకుని గోబ్లిన్ల నడక నెమ్మదిస్తుంది. మరీ ఘోరంగా పడితే నూనె రోగ్ చేతి తొడుగు మీదే ఒలుకుతుంది. ఇందులో మీరు ఒక్క నియమాన్నీ కాదనలేదు, నూనె సీసా గురించిన ఆ ఒక్క పేరాను తప్ప.

లెక్కల మాంత్రికుడు

పాత పటం గారి పాండిత్యానికి నమస్కరిస్తూనే విభేదిస్తున్నాను. ప్రశ్నలో చెప్పిన "పాత్రలను చెక్కుకునే ఇద్దరి" లాంటివాడినే నేను, కాబట్టి వాళ్ల పక్షాన ఎవరో ఒకరు మాట్లాడాలి. క్యాట్ ఫాల్ అనే ఫీట్ (పాత్ర కోసం ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) తీసుకున్నానంటే, ఎత్తు నుంచి పడ్డప్పుడు నాకు ఇతరులకన్నా తక్కువ దెబ్బ తగలాలని, దానికోసం మరో ఫీట్‌ను వదులుకున్నానన్నమాట. గేమ్ మాస్టర్ సరదా కోసమని అందరినీ ఒకే రకంగా దెబ్బ లేకుండా కిందికి దించేస్తే, నా ఎంపికకు విలువ ఏముంది? నియమాలను ఎడాపెడా సడలించే బల్ల దగ్గర చివరికి గెలిచేది గట్టిగా వాదించేవాడు. మెల్లగా మాట్లాడేవాడికి నియమమే అండ, ఆ సంగతి చాలామంది గమనించరు.

అందుకని నా ప్రతిపాదన ఇది. ఆటగాడు ఫీట్‌తోనో మంత్రంతోనో కొనుక్కున్న శక్తి ప్రశ్నలో ఉంటే పుస్తకం మాటే చెల్లాలి, దాన్ని ఆ ఆటగాడే ముందుగా చదువుకుని రావాలి. వంతెనలు, తాళ్లు, దీపాలు, గుర్రాలు, ఇలా ఎవరూ కొనుక్కోని లోకమంతా గేమ్ మాస్టర్ ఇష్టం. మీ రోగ్ అగ్గిబాంబులు విసిరే ఆల్కెమిస్ట్ అయ్యుంటే నేను పుస్తకం తెరవమనే చెప్పేవాడిని. జట్టులో ఎవరైనా ఆల్కెమిస్ట్ ఉంటే మాత్రం నూనె సీసాతో ఆ 30 మెట్టు ఇవ్వకండి, అది అతని సొత్తు.

ఆదివారం ఆట

ముగ్గురికీ ధన్యవాదాలు. మా జట్టులో ఆల్కెమిస్ట్ లేడు, బతికిపోయాను. ఇంకొక్క సందేహం. నేను అప్పటికప్పుడు చెప్పిన తీర్పు తప్పని ఎవరైనా ఆట మధ్యలో ఫోను చూపిస్తే ఏం చేయాలి? మాలో ఒకరికి ఆ అలవాటు బలంగా ఉంది, మనిషి మాత్రం చాలా మంచివాడు.

పాత పటం

ఆయన చూపించిన నియమం వల్ల ఒక పాత్ర ప్రాణం నిలిచేటట్టయితే వెంటనే వినండి. లేదంటే తీర్పు ఆ పూటకు అలాగే ఉంటుందనీ, ఆట అయ్యాక చూద్దామనీ చెప్పి, సందేహాన్ని ఒక నోటుపుస్తకంలో రాయండి. ఆ పుస్తకాన్ని ఆయన చేతికే ఇస్తే ఇంకా మంచిది. వారం మధ్యలో చదివి, సరైన నియమమేమిటో వచ్చే ఆదివారం ఆట మొదలయ్యేముందు రెండు మాటల్లో చెప్పే బాధ్యత ఆయనదే. అలాంటి మనిషిని నోరు మూయిస్తే అలుగుతాడు, పదవి ఇస్తే మురిసిపోతాడు.

పాచికల పెట్టె

మరొక్క మాట. అందరూ రాని ఆదివారం ఆట రద్దు చేసుకోకుండా, జాన్ హార్పర్ రాసిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్ అనే చిన్న ఆట ఆడి చూడండి. నియమాలన్నీ ఒక్క పేజీ, పాత్రకు రెండు నుంచి ఐదు దాకా ఒకే ఒక్క అంకె. తెలివితో చేసే పనికి ఆ అంకెకన్నా తక్కువ పడాలి, మనసుతో చేసే పనికి ఎక్కువ పడాలి, సరిగ్గా అదే పడితే గేమ్ మాస్టర్‌ను ఒక ప్రశ్న అడిగి నిజమైన జవాబు రాబట్టవచ్చు. వెతకడానికి పాత్ర వివరాల షీటులో ఏమీ ఉండదు గనుక ఆటగాళ్లు "నేనేం చేస్తానంటే" అని మొదలుపెట్టక తప్పదు. మీ ఫీట్ల ప్రియులిద్దరూ మొదటి అరగంట కాస్త ఇబ్బంది పడతారు, పడనివ్వండి.