డబుల్ అయోర్టిక్ ఆర్చ్: రాయగడ నుంచి విశాఖ పంపేముందు, ఆపరేషన్ తర్వాత ఏం చూడాలి?

రాయగడ పిల్లల డాక్టర్:
5 నెలల బాబు, 5.6 కిలోలు. రెండో నెల నుంచీ గురక, పాలు తాగేటప్పుడు ఇంకా ఎక్కువ. మెడ వెనక్కి విరిచి పడుకుంటాడు. ఉబ్బసమని నెబ్యులైజర్ పెడుతూ వచ్చారు, గుణం లేదు. సీటీలో డబుల్ అయోర్టిక్ ఆర్చ్ (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని అయోర్టా రెండు వంపులై, శ్వాసనాళాన్నీ అన్నవాహికనీ రింగులా చుట్టేయడం): కుడిది లావు, ఎడమది సన్నం, దాని వెనక కొస కనబడటం లేదు. ఎకోలో గుండె లోపల లోపమేమీ లేదు. విశాఖలో ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. కొస కనబడకపోతే రింగ్ పూర్తిగా లేనట్టేనా? ఆపరేషన్ అవగానే గురక పోతుందా అని తల్లి అడుగుతోంది, ఏం చెప్పాలి? దారిలో జాగ్రత్తలేమిటి?

పిల్లల గుండె సర్జన్:
రింగ్ ఉన్నట్టేనండి. మూసుకుపోయిన ముక్కలోకి కాంట్రాస్ట్ (సీటీకి రక్తంలో ఎక్కించే మందు) వెళ్ళదు, అందుకే కనబడదు. తాడులా మిగిలి బిగించేది అదే. లిగమెంటమ్ ఆర్టీరియోసమ్ (పుట్టాక మూసుకుపోయిన నాళం మిగిల్చిన తాడు, ఊపిరితిత్తుల ధమని అయిన పల్మనరీ ఆర్టరీని అయోర్టాకి కలుపుతుంది) కూడా సీటీలో కనబడదు.

కుడి ఆర్చ్ పెద్దదిగా ఉండటమే ఎక్కువ. అప్పుడు ఎడమ ఛాతీలో నాలుగో పక్కటెముకల సందులోంచి వెళ్తాం, బైపాస్ మిషన్ (గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) అక్కర్లేదు. ఎడమ ఆర్చ్ వెనక అయోర్టాలో కలిసే చోట ముందు క్లాంప్ పెట్టి చూడాలి. రెండు చేతుల్లో, కాళ్ళలో, మెడలో నాడి తగ్గకపోతేనే కోత. రక్తం పారే ఆర్చ్‌ని ఉత్త దారంతో కట్టి వదిలితే ముడి జారి ప్రాణం మీదికి వస్తుంది. క్లాంపుల మధ్య కోసి, రెండు కొసల్నీ 5-0 లేదా 6-0 పాలీప్రొపిలీన్ సన్న దారంతో కుట్టాలి. తర్వాత లిగమెంట్‌నీ కోయాలి. దాన్ని వదిలేస్తే కుడి ఆర్చ్, పల్మనరీ ఆర్టరీ, ఆ లిగమెంట్ కలిసి రింగ్ మళ్ళీ పూర్తవుతుంది. చివరగా అన్నవాహిక చుట్టూ ఉన్న పీచుల్ని విడదీయాలి. గొంతుకి వెళ్ళే ఎడమ రికరెంట్ నరం లిగమెంట్ కిందుగానే మలుపు తిరుగుతుంది. అది దెబ్బతింటే ఏడుపు గొంతు బొంగురుపోతుంది, పాలు పొలమారతాయి.

ఈ పద్ధతికి మూలం 1945లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ చేసిన ఆపరేషనే. ఇప్పటికీ పెద్దగా మారలేదు.

తల్లికి మాత్రం ముందే చెప్పండి: గురక వెంటనే పోదు. ఇన్నాళ్ళు నొక్కుడు పడ్డ శ్వాసనాళపు మృదులాస్థి మెత్తబడి ఉంటుంది. నెలలు పట్టొచ్చు, కొందరికి ఏడాది కూడా. అప్పటికీ నీలి పడుతుంటే, జలుబు చేసినప్పుడల్లా ఐసీయూ దాకా వెళ్తుంటే బ్రాంకోస్కోపీ (శ్వాసనాళంలోకి గొట్టం కెమెరా పెట్టి చూడటం) చేయాలి. బిడ్డ సొంతంగా ఊపిరి తీస్తున్నప్పుడే చేయాలి. వెంటిలేటర్ ఒత్తిడిలో మెత్తని నాళం తెరుచుకునే ఉండి, అంతా బాగున్నట్టు కనిపిస్తుంది.

అనస్తీషియా డాక్టర్:
దారి సంగతి. ప్రయాణానికి నిద్రమందు ఇవ్వొద్దు. కండరాల బిగువు పోతే శ్వాసనాళం మూసుకుంటుంది. అలాగని ఏడవనివ్వకండి, గట్టిగా ఏడ్చినా అంతే. గడ్డం ఛాతీకి ఆనేలా ఎత్తుకోకూడదు, మెడ కొద్దిగా వెనక్కి ఉండాలి.

పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా వెళ్ళేట్టయితే నిండు బి-టైప్ సిలిండర్ ఎక్కించండి. 1.5 ఘనపు మీటర్లు, అంటే 1500 లీటర్లు. నిమిషానికి 2 లీటర్లయినా 12 గంటలు దాటి వస్తుంది. గేజ్ సగంలో ఉంటే లెక్కా సగమే.

ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం విషయంలో తొందర వద్దు. దాన్ని రోజుల తరబడి ఉంచితే, అందులోనూ శ్వాసనాళంలో ట్యూబ్ కూడా ఉంటే, అన్నవాహిక గోడ నలిగి అయోర్టాకీ అన్నవాహికకీ మధ్య రంధ్రం పడొచ్చు. ఆ రక్తస్రావం ఆపడం చాలా కష్టం.

కార్డియాలజీ:
కాల్షియం చూశారా? ఆర్చ్ లోపాలున్న కొందరు పిల్లల్లో 22క్యూ11 డిలీషన్ (22వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లేకపోవడం) తోడుంటుంది, దానివల్ల కాల్షియం, రోగనిరోధక శక్తి తగ్గొచ్చు. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఇర్రేడియేట్ చేసిన (రేడియేషన్‌తో తెల్లకణాలు పెరగకుండా చేసిన) రక్తమే అడగాలి.

మరో మాట. అన్ని నొక్కుళ్ళూ ఇంత సులువు కాదు. పల్మనరీ ఆర్టరీ స్లింగ్‌లో ఎడమ పల్మనరీ ధమని శ్వాసనాళానికీ అన్నవాహికకీ మధ్య దూరుతుంది, బేరియం తాగించి తీసిన ఎక్స్‌రేలో అన్నవాహికకి ముందువైపు నొక్కు కనబడుతుంది. రింగ్ అయితే వెనకవైపు. స్లింగ్‌లో శ్వాసనాళపు మృదులాస్థులే గుండ్రంగా మూసుకుపోయి ఉండటం మామూలు. అప్పుడు ధమనిని మార్చి కుడితే చాలదు, బైపాస్ మీద స్లైడ్ ట్రాకియోప్లాస్టీ (శ్వాసనాళాన్ని కోసి, ముక్కల్ని ఒకదానిపైకి ఒకటి జరిపి వెడల్పుగా కుట్టడం) కూడా కావాలి.

రాయగడ పిల్లల డాక్టర్:
కాల్షియం రేపే పంపిస్తాను. ఇంటికొచ్చాక మా దగ్గర చూడాల్సింది?

పిల్లల గుండె సర్జన్:
పాలు పట్టడం మొదలయ్యాక ఎడమ ఛాతీలో నీరు చేరిందేమో ఎక్స్‌రే తీయండి. తీసిన నీరు పాలలా ఉంటే అది కైల్ (కొవ్వుతో కూడిన శోషరసం). మామూలు పాలు ఆపి ఎంసీటీ కొవ్వున్న (శోషరసంలోకి పోకుండా నేరుగా రక్తంలోకి వెళ్ళే కొవ్వు) ఫార్ములాకి మార్చాలి, మాకు కబురు చేయాలి. ఉబ్బసానికి ఇచ్చే సాల్బుటమాల్ మాత్రం అలవాటుగా రాయకండి. మెత్తని నాళానికి ఒక్కోసారి అది ఇంకా చెడుపు చేస్తుంది.