పాత లేఖల స్కాన్లలో వెనుక వైపు సిరాను తగ్గించడం ఎలా?

మా చరిత్ర పరిశోధన గ్రంథాలయంలోని 19వ శతాబ్దపు చేతిరాత లేఖలను అందరూ ఉచితంగా చదువుకునేలా అంతర్జాలంలో ఉంచేందుకు 400 డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) వద్ద, రంగుల్లో, టిఫ్ అనే రకం చిత్ర ఫైళ్లుగా స్కాన్ చేస్తున్నాం. పలుచని కాగితంలోకి సిరా ఇంకిపోవడంతో వెనుక వైపు అక్షరాలు ముందు వైపు వరుసల మధ్య గోధుమరంగులో తేలుతున్నాయి. కాగితం వెనుక నల్ల అట్ట పెడితే నీడలు తగ్గాయి గానీ ఇంకిన సిరా అలాగే ఉంది. 600 డీపీఐకి పెంచినా ఫైళ్ల పరిమాణం పెరిగింది తప్ప స్పష్టత రాలేదు. కాంట్రాస్ట్ పెంచితే అసలు రాతలోని సన్నని గీతలే ముందు చెరిగిపోయాయి; పరిశోధకులకు అవే ప్రాణం కాబట్టి ఆ దారి వదిలేశాం. మూల ఫైళ్లను ముట్టుకోకుండా, పాఠకులకు చూపే ప్రతిలో మాత్రమే, రెండు వైపుల చిత్రాలను సరిగ్గా జతపరచి వెనుక సిరాను తగ్గించగల ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదైనా మీరు వాడి చూశారా?