కుడి ముంజేతి మీద నాలుగు నల్ల పట్టీలు: వేయించుకోనా, ఆగనా?

కాజీపేట బాస్:
మాది హన్మకొండ. రెండేళ్లుగా నలుగురం కాజీపేటలో ఒక గది అద్దెకు తీసుకుని, గోడలకు కోడిగుడ్ల అట్టలు కొట్టి, పంక్ వాయిస్తున్నాం. పంక్ అంటే వేగంగా, గట్టిగా వాయించే రాక్ సంగీతం. నేను బాస్ గిటార్. బ్లాక్ ఫ్లాగ్ బ్యాండ్ గుర్తును కుడి ముంజేతి లోపలివైపు టాటూ వేయించుకోవాలని గట్టిగా ఉంది. నాలుగు నల్ల పట్టీలు ఒకదాని పక్కన ఒకటి, ఎగుడుదిగుడుగా ఉంటాయి. గాలికి ఊగే జెండా అది. 1976లో కాలిఫోర్నియాలో మొదలైన బ్యాండ్. గుర్తు గీసిన రేమండ్ పెటిబన్, గిటారిస్ట్ గ్రెగ్ జిన్‌కు సొంత తమ్ముడు. తెల్లజెండా ఎత్తితే లొంగిపోయినట్టు. వీళ్ల పేరే బ్లాక్ ఫ్లాగ్, అంటే నల్లజెండా. 1981లో వచ్చిన గాయకుడు హెన్రీ రోలిన్స్ ఒంటి మీదా ఆ పట్టీలున్నాయి.

బాపు తిట్టలేదు. "చేతి మీద రాసుకుంటే పాట మంచిగొస్తదా?" అని మాత్రం అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను.

నానమ్మ ముంజేతి మీద పచ్చబొట్టు చుక్కలున్నాయి. చిన్నప్పుడు ఆమె పక్కలో పడుకుని వేలు పెట్టి లెక్కపెట్టేవాణ్ని. పదకొండు. "సచ్చినా ఎంబడొచ్చేది గిదొక్కటే బిడ్డా" అంటుంది. ఆమె ఈడు ఆడవాళ్లందరికీ ఉండేదట. నాది మా వాడలో ఇంకెవరికీ ఉండదు. నేను మోసేది నా జెండానేనా, లేక ఎవరిదో తెచ్చి కట్టుకుంటున్నానా?

జనగామ డ్రమ్స్:
తమ్ముడూ, నా రెండు చేతుల వెనక ఇంటూ గుర్తులున్నాయి. అదీ బయటిదే. 1980 ప్రాంతంలో అమెరికా క్లబ్బుల్లో మైనర్లకు మందు పోయకూడదని చేతి మీద నల్ల మార్కర్‌తో ఇంటూ పెట్టేవాళ్లు. వాషింగ్టన్ పంక్ పిల్లలు దాన్నే తమ గుర్తు చేసుకున్నారు. తర్వాత మందు, సిగరెట్, డ్రగ్స్ ముట్టనివాళ్ల గుర్తయింది. దాన్నే స్ట్రెయిట్ ఎడ్జ్ అంటారు. ఆ పేరు మైనర్ థ్రెట్ బ్యాండ్ పాట నుంచి వచ్చింది.

మా నాయిన తాగుడుతోనే పోయాడు. మా చుట్టాల్లో పెళ్లయినా చావయినా దావత్ అంటే సీసానే. గ్లాసు చేతికిచ్చినప్పుడల్లా చేయి తిప్పి చూపించేవాణ్ని. మూడేళ్లు మార్కర్‌తోనే గీసుకున్నాను. మూడేళ్ల తర్వాత సూది పెట్టించుకున్నాను. అప్పటికి అది వాషింగ్టన్‌ది కాదు, నాదే. నువ్వూ ముందు మార్కర్‌తో గీసుకో.

బ్లడ్‌బ్యాంక్ అక్క:
నిర్ణయం నీది తమ్ముడూ, సూది మాత్రం కొత్తదై ఉండాలి. ప్యాకెట్ నీ ముందే చింపాలి, రంగు చిన్న మూతలో నీకోసం విడిగా పోయాలి, చేతికి కొత్త గ్లౌజులుండాలి. మా చిన్నమ్మ కొడుకు జాతరలో వేయించుకున్నాడు. అతనికి ముందు నలుగురికి అదే సూది. పది రోజులు చేయి వాచింది. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ అంటుకునేది అలాగే. అతనికి పరీక్షలు చేయించి, రిపోర్టులు వచ్చేదాకా నాకు నిద్ర లేదు. ఇంకోటి, టాటూ వేయించుకుంటే ఏడాదిపాటు రక్తం ఇవ్వడానికి ఉండదు. నువ్వు రెగ్యులర్‌గా ఇచ్చేవాడివైతే ముందే ఒకసారి ఇచ్చి వెళ్లు.

కాజీపేట బాస్:
అన్నా, అక్కా, ఇద్దరికీ థ్యాంక్స్. ఆదివారం మార్కర్‌తో గీసుకుని నానమ్మ దగ్గర కూర్చున్నాను. చేయి దగ్గరికి లాక్కుని వేలితో ఒక్కో పట్టీ తడిమింది. "ఏమన్న మొక్కు ఉన్నదా?" అని అడిగింది. ఉందన్నాను. ఏం మొక్కని అడగలేదు.

ఇవాళ నాలుగో రోజు. వాయించేటప్పుడు బాస్ అంచు రాసుకునేచోట మూడో పట్టీ చెరిగిపోతోంది. ప్రాక్టీస్ అయ్యాక మళ్లీ గీస్తున్నాను.