ఇంటికొచ్చే సహాయకులకు టెన్త్ పాస్ ఎందుకండీ?

ఏటిగట్టు:
మా మండలంలో ఒక స్వచ్ఛంద సంస్థ వికలాంగుల ఇళ్లకు వెళ్లి సాయం చేసేవాళ్లను తీసుకుంటోంది. టెన్త్ పాసై ఉండాలట. ఆరు వారాలు క్లాసులు, ఆ తర్వాత ఊళ్లోకి పంపుతారట. మా వీధిలో ఒకావిడ మంచాన పడ్డ అత్తగారికి ఏళ్ల తరబడి చాకిరీ చేసింది. రెండేసి గంటలకు పక్క మార్చేది, అర్ధరాత్రి అయినా సరే. ముసలావిడ ఒంటిమీద ఒక్క పుండు పడలేదు. ఆవిడ ఏడో తరగతితో ఆపేసిందని వెనక్కి పంపారు. డైపర్ చూస్తేనే మొహం తిప్పుకునే ఇంటర్ పిల్లకు ఉద్యోగం వచ్చింది. ఇదేం లెక్కండీ?

పాలకొల్లు_బుల్లోడు:
ముందు జీతం ఎంతో చెప్పండి, తర్వాత టెన్త్ గురించి మాట్లాడుకుందాం.

ఫిజియో_కాకినాడ:
లెక్క ఉందండి. ఇది ముద్ద పెట్టి, గుడ్డ మార్చి వచ్చేసే పని కాదు. మూర్ఛ ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది, ఏ మాత్ర ఎన్ని గంటలకు వేశారు, అన్నీ రాయాలి. మూర్ఛ అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ఇప్పటికీ మన ఊళ్లలో చేతిలో తాళాలు పెడతారు, పళ్ల మధ్య చెంచా దూరుస్తారు. అదేమీ చేయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టమని నేర్పడానికే సగం రోజు పడుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అత్తగారికి చేసిన అనుభవం ఆటిజం ఉన్న పిల్లాడి దగ్గర పనికిరాదు. అసలు ఆరు వారాలే తక్కువ. కేంద్ర ప్రభుత్వ పునరావాస మండలి (ఆర్‌సీఐ) మెల్‌బోర్న్ యూనివర్సిటీతో కలిసి 2021లో పెట్టిన కోర్సు ఆరు నెలలు.

ఏటిగట్టు:
రాయడమే అడ్డమైతే ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసి పంపొచ్చుగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980ల్లోనే ఇంటివాళ్లకూ ఊరివాళ్లకూ బొమ్మలతో నేర్పే పద్ధతి తెచ్చింది. వాళ్లు టెన్త్ మార్కుల లిస్టు అడగలేదు.

కోటిపల్లి_రేవు:
ఓపెన్ స్కూల్లో టెన్త్ కట్టించండి. సమస్య తీరిపోద్ది.

ఏటిగట్టు:
ఆవిడకు నలభై ఎనిమిదేళ్లండీ. ఇప్పుడు లెక్కల పరీక్ష రాయాలా?

రాజోలు_అమ్మ:
సర్టిఫికెట్ ఉన్నవాళ్ల సంగతి నేను చెబుతాను. మా బాబుకు పదకొండేళ్లు, సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒళ్లు స్వాధీనంలో ఉండదు. ఒక సంస్థ పంపిన అమ్మాయి వచ్చింది. మెడలో ఐడీ కార్డు, చేతిలో ఫైలు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. వచ్చి చూస్తే వీణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి పెరుగన్నం పెడుతోంది. అప్పటికే పొరబోయి పెదాలు నీలంగా అయిపోతున్నాయి. ఆ రాత్రి ఆసుపత్రిలో ఉన్నాం. వాణ్ణి కూర్చోబెట్టాలి, మెడ వెనక్కి వాలకూడదు, గడ్డం కొంచెం కిందికి ఉండాలి, చెంచా ఎదురుగా కింది నుంచి రావాలి. పైనుంచి తెస్తే తల ఎత్తేస్తాడు. ఇది నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు, వాడే నేర్పాడు. "మాకు క్లాసులో చెప్పారండి, మర్చిపోయాను" అంది ఆ అమ్మాయి.

ఫిజియో_కాకినాడ:
మీకు జరిగింది చాలా ఘోరం. కానీ అది శిక్షణ సరిగ్గా ఇవ్వకపోవడం, శిక్షణ అక్కర్లేదని కాదు. ఇంకో మాట, ఏమీ అనుకోకండి. పదకొండేళ్ల పిల్లాడికి ఇంకా మీరే ఎందుకు తినిపిస్తున్నారు? పిడి లావుగా ఉన్న చెంచా, అంచున్న పళ్లెం ఇచ్చి ప్రయత్నించారా? సహాయకురాలు రావాల్సింది అందుకు.

రాజోలు_అమ్మ:
ఏమీ అనుకోకుండా ఎలా ఉంటానండీ? మీరు అరగంట చూసి బండెక్కి వెళ్లిపోతారు. ఆ చెంచాతో వాడు గిన్నెడు అన్నం తినడానికి గంటన్నర. పూటకు గంటన్నర చొప్పున నేను కూర్చుంటే పొయ్యి ఎవరు వెలిగిస్తారు, చిన్నదాన్ని బడికి ఎవరు పంపుతారు? వాళ్ల నాన్న కువైట్‌లో ఉన్నాడు.

కోటిపల్లి_రేవు:
ప్రభుత్వం నుంచి నెలకు 15,000 వికలాంగుల పింఛను వస్తుంది కదమ్మా, అందులోంచి ఒక మనిషిని పెట్టుకోవచ్చు.

రాజోలు_అమ్మ:
అది పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు. మావాడు ఆనుకుని కూర్చుంటాడు కాబట్టి 6,000. బాగుపడ్డందుకు కోత అన్నమాట.

మోడరేటర్:
ఒకరింటి సంగతి మీద ఇంకొకరు తీర్పులు చెప్పకండి. విషయం మీద మాట్లాడండి.

మలికిపురం_పిల్ల:
నేను ఈ పనే చేస్తున్నానండి. టెన్త్ పాస్, ఆరు వారాల క్లాసు. మాకు బొమ్మతో నేర్పారు. బొమ్మ బిగుసుకోదు, కొరకదు, ఏడవదు. క్లాసులో మంచం నడుమెత్తు ఉంటుంది. ఇళ్లలో నులకమంచం, మధ్యలో దిగిపోయి ఉంటుంది, వంగి లేపితే నా నడుం పట్టేస్తుంది. బాత్రూమ్ పెరట్లో, రెండు మెట్లు ఎక్కాలి. చక్రాల కుర్చీ తోయడం నేర్పారు గానీ లంక ఊళ్లో అది ఇసుకలో దిగబడుతుంది. 2022 జూలైలో వరదొచ్చినప్పుడు మా చిన్నాన్న కూతుర్ని పడవెక్కించడానికి నలుగురు నాలుగు వైపులా లాగారు, దాని భుజం జారింది. మూర్ఛ మాత్రలు ఇంట్లోనే ఉండిపోయాయి. పడవలోకి మనిషిని ఎలా ఎక్కించాలో ఏ క్లాసులోనూ లేదు. జీతం అడిగారు కదా బుల్లోడు గారు, రొయ్యల ప్లాంటులో తలలు తీస్తే ఇంతకంటే ఎక్కువొస్తుంది. మా బ్యాచ్‌లో ముగ్గురు అటే పోయారు.

పాలకొల్లు_బుల్లోడు:
అందుకే మన నర్సాపురం, పాలకొల్లు ఆడవాళ్లు గల్ఫ్‌కి వెళ్లి అక్కడి ముసలాళ్లకు ఇదే పని చేస్తున్నారు. అక్కడ ఎవరూ టెన్త్ అడగరు.

ఫిజియో_కాకినాడ:
మళ్లీ టెన్త్ దగ్గరికే వచ్చారు. అర్హత తగ్గిస్తే జీతం ఇంకా తగ్గిస్తారు. పనిమనిషిని చూసినట్టే చూస్తారు. ఆమెకు ఒక హోదా రావాలంటే సర్టిఫికెట్ ఉండాలి. ఇప్పటికే ఇళ్లలో అంట్లు కూడా తోమిస్తున్నారు.

రాజోలు_అమ్మ:
అంట్లు తోమితే హోదా పోతుందా? మీకు మీ పని గొప్పగా కనబడాలి, అంతే. నాకు కావాల్సింది చెబుతా వినండి. వాడు రాత్రి మూడుసార్లు లేస్తాడు. నేను ఏకబిగిన నాలుగు గంటలు పడుకుని ఎన్నాళ్లయిందో. మీరు పంపే మనిషి పదింటికి వచ్చి చెంచా ప్రాక్టీసు, బంతి ప్రాక్టీసు చేయించి, ఫొటో తీసుకుని, నాకు ఇంకో నాలుగు పనులు చెప్పి వెళ్తుంది. నాకు వాణ్ణి మార్చే మనిషి వద్దు. నన్ను పడుకోనిచ్చే మనిషి కావాలి.

ఫిజియో_కాకినాడ:
అది ఆయా పని. మీకు అవసరం లేదనడం లేదు. కానీ ప్రతి ఇంటికీ చేసిపెట్టే మనిషినే ఇస్తే, ఆ పిల్లలు ఇరవయ్యేళ్లకూ నోరు తెరుచుకుని కూర్చుంటారు. మీ తర్వాత ఎవరు పెడతారు?

రాజోలు_అమ్మ:
ఆ మాట చుట్టాలు రోజూ అంటారు. మీరూ అన్నారు, సంతోషం.

చక్రాల_కుర్చీ:
మధ్యలో వస్తున్నా. నాకు ముప్పై నాలుగేళ్లు, వెన్నెముక దెబ్బ, నడుం కింద చలనం లేదు. ఫిజియో గారి పద్ధతిలో ప్యాంటు నేనే వేసుకోగలను, ఇరవై నిమిషాలు పడుతుంది. కంప్యూటర్ పని చేసుకుని బతుకుతున్నాను, ఆ ఇరవై నిమిషాలు నాకు డబ్బు. అందుకే ప్యాంటు సహాయకుల చేత వేయించుకుంటా, గడ్డం నేనే గీసుకుంటా. నా దగ్గరికి వచ్చిన అబ్బాయి మొదటిరోజు మా అమ్మను అడిగాడు, "సార్‌కి స్నానం ఎప్పుడు చేయించమంటారు?" అని. నేను పక్కనే ఉన్నాను. ఆ అబ్బాయి డిగ్రీ.

ఫిజియో_కాకినాడ:
మీరు చెప్పగలరు. ఆ బాబు చెప్పలేడు కదండీ.

రాజోలు_అమ్మ:
ఎవరు చెప్పారు చెప్పలేడని? వాడికి వద్దంటే పెదాలు బిగిస్తాడు. ఆ అమ్మాయి అది చూడలేదు.

మలికిపురం_పిల్ల:
ఫిజియో గారూ, మా ఫారంలో ఒక గడి ఉంటుంది, ఎన్ని ముద్దలు తనంతట తాను తిన్నాడు అని. వాళ్లమ్మ గిన్నె ఖాళీ అయిందా అని అడుగుతుంది. రెండూ ఒకే గంటలో అవ్వవు. గిన్నె ఖాళీ చేస్తే సూపర్‌వైజర్ తిడతారు, గడి నింపితే పిల్లాడు ఆకలితో ఉంటాడు. మాకు ఈ గొడవ గురించి ఒక్క క్లాసు కూడా చెప్పలేదండి.

ఏటిగట్టు:
మరి మీరేం చేస్తారమ్మా?

మలికిపురం_పిల్ల:
మొదట మూడు ముద్దలు వాణ్ణి తిననిచ్చి, మిగతాది నేను పెట్టేస్తా. ఫారంలో మూడు అనే రాస్తా.

ఫిజియో_కాకినాడ:
ఫారం మార్చమని నేను అడగగలను. రాత్రి మనిషిని ఇవ్వమంటే మాత్రం ఆ పనికి డబ్బు ఏ పద్దులో పెట్టాలో సంస్థవాళ్లకూ తెలియదు, రాజోలు అమ్మగారూ.

మలికిపురం_పిల్ల:
రాత్రి డ్యూటీ అంటే మా ఇంట్లో ఒప్పుకోరు అక్కా. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా అయితే నేను వస్తా, సంస్థలో అడుగుతాను. ముందు రెండ్రోజులు మీరు పెడుతుంటే పక్కన కూర్చుని చూస్తా, ఆ తర్వాత మీరు వెళ్లి పడుకోండి. అంట్లు మాత్రం తోమను.