కాంట్రాక్టర్ నా మీద వేసిన దావాలోనే నాకు రావాల్సింది కూడా అడగొచ్చా?

గోడచెమ్మ:
అందరికీ నమస్కారం. మా ఇల్లు కట్టిన కాంట్రాక్టర్ నేను బాకీ ఉన్నానంటూ 4,80,000కి దావా వేశాడు. 2025 ఫిబ్రవరిలో వేశాడట, సమన్లు మాత్రం మొన్న జూన్ 9న చేతికొచ్చాయి. ఆఖరి విడత నేను ఆపిన మాట నిజమే. 2022 డిసెంబరులో గృహప్రవేశం చేస్తే మొదటి వానాకాలానికే పై శ్లాబు కారడం మొదలైంది, హాల్లో బకెట్లు పెట్టుకుని కూర్చున్నాం, ఫోన్ చేస్తే రేపొస్తా ఎల్లుండొస్తా అనడమే తప్ప మనిషి రాలేదు. వేరే ఇంజనీరుకి చూపిస్తే మరమ్మతులకి 3,50,000 అవుతుందని ఎస్టిమేట్ రాసిచ్చాడు.

ఇది కాక, పని నడుస్తున్న రోజుల్లోనే కూతురి పెళ్లి ఉందంటే 2022 ఏప్రిల్ 18న 1,50,000 ఇచ్చి ప్రోనోటు రాయించుకున్నాను. పైసా తిరిగి రాలేదు. ఈ రెండూ అతని కేసులోనే అడగొచ్చా, విడిగా దావాలు వేయాలా? మా లాయరు గారు "ముందు రిటన్ స్టేట్‌మెంట్ (అతని దావాకి మన రాతపూర్వక జవాబు) వేద్దాం, మిగతాది తర్వాత చూద్దాం" అంటున్నారు. ఆ "తర్వాత" అన్న మాటే టెన్షన్ పెడుతోంది.

చిన్నబాబు:
విడిగా వేసేయ్ అన్నా. అతని కేసులో కలిపితే, అతను కేసు వాపసు తీసుకున్న రోజున నీది కూడా పోతుంది.

పాత గుమస్తా:
చిన్నబాబు గారూ, అది తప్పు. లాయరు ఆఫీసులో చాలా ఏళ్లు గుమస్తాగా చేశాను కాబట్టి చెప్తున్నా. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 8 రూల్ 6ఎ అని ఉంది, 1976 సవరణలో వచ్చింది. ప్రతివాది తనకు రావాల్సింది అదే కేసులో కౌంటర్ క్లెయిమ్‌గా అడగొచ్చు, అది దావాతో సమానం, దానికి అవతలివాడు జవాబు వేసుకోవాలి, చివర్లో రెండిటికీ కలిపి ఒకే తీర్పు వస్తుంది. దావా వేసినవాడు వెనక్కి తగ్గినా, అతని కేసు కొట్టేసినా కౌంటర్ క్లెయిమ్ నడుస్తూనే ఉంటుంది, రూల్ 6డి చెప్పేది అదే. ఊరికే రాదు లెండి, దావాకి కట్టినట్టే కోర్టు ఫీజు కట్టాలి, మొత్తం ఆ కోర్టు పరిధి దాటకూడదు.

శ్లాబు సంగతి ఇందులో చక్కగా ఇముడుతుంది, ఎందుకంటే అదే అగ్రిమెంటు, అదే ఇల్లు, అవే సాక్ష్యాలు. "తర్వాత" మాత్రం వద్దు. రిటన్ స్టేట్‌మెంట్‌కి సమన్లు అందిన దగ్గర్నుంచి 30 రోజులు, కోర్టు పొడిగిస్తే 90. కౌంటర్ క్లెయిమ్ దాంతోపాటే వేయించండి. ఆలస్యమైతే కోర్టు దయ, అది కూడా ఇష్యూస్ ఫ్రేమ్ అయ్యేదాకానే (అంటే కోర్టు తేల్చాల్సిన అంశాలు ఖరారు చేసేదాకానే) అని 2019లో అశోక్ కుమార్ కల్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకోటి, కౌంటర్ క్లెయిమ్‌కి కాలపరిమితి లెక్క అతను దావా వేసిన తేదీతో ఆగదు, మీరు కోర్టులో వేసిన రోజుతోనే. పని అప్పగించింది డిసెంబరులో అనుకున్నా మూడేళ్లు ఈ డిసెంబరుకే నిండుతాయి.

వాయిదాల రాజు:
మేము విడిగా వేసి అనుభవించాం. మా నాన్నగారి షెడ్డు గొడవ, వాళ్ల దావా ఒక కోర్టులో, మాది ఇంకో కోర్టులో. ఒకే తాపీమేస్త్రీ రెండు చోట్లా సాక్ష్యం చెప్పాడు, అక్కడొక మాట ఇక్కడొక మాట, అవతలి లాయరు దాన్ని పట్టుకుని ఒక ఆట ఆడుకున్నాడు. చివరికి అదే కోడ్‌లో సెక్షన్ 24 కింద జిల్లా కోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేసి రెండూ ఒకే చోటికి తెచ్చి క్లబ్ చేయించేసరికి రెండేళ్లు గడిచాయి.

మీ నోటు మాత్రం కాలదోషం పట్టినట్టే కదా? 2022 ఏప్రిల్ అంటే ఈ ఏప్రిల్‌తో మూడేళ్లు అయిపోయాయి. నోటు వెనక చెల్లు, అంటే కొంత కట్టినట్టు అతని చేత రాత, ఏమైనా వేయించారా?

గోడచెమ్మ:
లేదండీ, చెల్లు లేదు. సమన్లు వచ్చేదాకా నోటు బీరువాలోనే ఉంది. అయితే 1,50,000 పోయినట్టేనా?

పాత గుమస్తా:
ఆగండాగండి. నోటుని కౌంటర్ క్లెయిమ్‌లో పెడితే పోయినట్టే. సెట్ ఆఫ్ కింద పెట్టమనండి, అది రూల్ 6, వేరే దారి. ఇంత అని తేలిన సొమ్ము, చట్టప్రకారం వసూలు చేసుకోదగ్గది అయితే అతను అడిగే డబ్బులోంచి తగ్గించమని అడగొచ్చు. నోటు అలాంటిదే, శ్లాబు నష్టం అలా కాదు, అది కోర్టు తేల్చాలి. అసలు సంగతేంటంటే లిమిటేషన్ చట్టం సెక్షన్ 3 ప్రకారం సెట్ ఆఫ్‌ని అతను దావా వేసిన రోజునే మీరూ వేసినట్టు లెక్కేస్తారు. ఫిబ్రవరిలో మీ నోటు బతికే ఉంది కదా! దీనికీ ఫీజు ఉంటుంది.

ఒక్క షరతు. దావాలో ఇద్దరూ ఏ హోదాలో ఉన్నారో నోటులోనూ అదే హోదా ఉండాలి. అతను పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ పేరుతో దావా వేసి, నోటు మాత్రం సొంతానికి రాసిచ్చి ఉంటే కుదరదు. ప్లెయింట్ (అతను వేసిన దావా కాగితం) మొదటి పేజీ చూసి చెప్పండి.

డల్లాస్ బాబాయ్:
గోడచెమ్మ గారూ, మీ వాళ్లెవరైనా అమెరికాలో ఉండి "అదే గొడవ మీద కౌంటర్ క్లెయిమ్ వేయకపోతే హక్కు పోతుంది" అంటే కంగారు పడకండి. అది ఇక్కడి ఫెడరల్ కోర్టుల రూల్ 13 మాట. ఇండియాలో అలా తప్పనిసరి కాదు, 6ఎలో "వేయవచ్చు" అనే ఉంది.

గోడచెమ్మ:
చూశాను, దావా అతని సొంత పేరు మీదే ఉంది, నోటు మీదా అదే పేరు, అదే సంతకం. రేపే లాయరు గారి దగ్గరికి వెళ్తున్నా. మరి శ్లాబు ఈలోగా బాగుచేయించుకోవచ్చా? వానలు మొదలయ్యాయి.

పాత గుమస్తా:
ఇప్పుడే వద్దు. ముందు అడ్వకేట్ కమిషనర్‌ని, అంటే కోర్టు తరఫున వచ్చి చూసే లాయరుని, వేయమని పిటిషన్ పెట్టించండి. ఆయన వచ్చి ఫొటోలు తీసి, ఇంజనీరుతో కొలిపించి రిపోర్టు ఇచ్చేదాకా ఆ బకెట్లు అక్కడే ఉండనివ్వండి.