యూరిక్ యాసిడ్ మాత్ర వికటించింది, కేసు నిలబడుతుందా?

కోనసీమ కుర్రోడు: అమలాపురంలో ఒక డాక్టరు గారు మా నాన్నగారికి యూరిక్ యాసిడ్ తగ్గడానికి అల్లోప్యూరినాల్ రాశారండి. మూడో వారంలో జ్వరం, నోట్లో పుళ్ళు, ఆ తర్వాత ఒళ్ళంతా బొబ్బలు. కాకినాడ తీసుకెళ్తే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్, అంటే మందు వికటించి చర్మం ఊడిపోయే జబ్బు అన్నారు. ప్రాణం దక్కింది గానీ చూపు మసకబారింది. పోలీస్ కంప్లైంట్ ఇవ్వమంటున్నారు అందరూ.

గోదారి గట్టు: ముందే పోలీసుల దగ్గరకెందుకండీ? డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలబడాలంటే ఘోరమైన నిర్లక్ష్యం కనపడాలని 2005లోనే జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది.

రాజోలు రాణి: మా అత్తయ్యగారికి మూర్ఛ మాత్రతో ఇలాగే అయింది. మందు పడకపోవడం ఒక్కటే తప్పు కిందికి రాదని మా లాయరు గారు మొదటిరోజే చెప్పారు. దద్దుర్లు వచ్చాయని ఫోటో పెడితే "కంటిన్యూ చేయండి" అని వాట్సాప్‌లో జవాబొచ్చింది చూడండి, మా కేసంతా దాని మీదే నడుస్తోంది. మీకు ముందుగా ఎవరైనా జాగ్రత్త చెప్పారా?

కోనసీమ కుర్రోడు: లేదండి. జ్వరమొచ్చాక మా ఊరి ఆర్‌ఎంపీ గారు కూడా ఏవో ఇంజెక్షన్లు చేశారు. అది చెప్పాలా?

కాకినాడ ప్లీడరు: దాచకండి, అవతలి లాయరు ఎలాగూ లాగుతాడు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళండి, రెండేళ్ళలోపే. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. వైద్యానికి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, చూసేది కట్టిన డబ్బునే, అడిగే పరిహారాన్ని కాదు. పూర్తి ఉచితంగా చూసే సర్కారు ఆసుపత్రైతే ఈ దారి లేదు, సివిల్ కోర్టే. మందు కంపెనీ మీద కేసు కష్టం. డాక్టరు చీటీ మీదే అమ్మే మందుకి, డాక్టర్లకి తగిన హెచ్చరిక ఇచ్చి ఉంటే 2019 వినియోగదారుల చట్టం కంపెనీని వదిలేస్తుంది. ఇలాంటి చర్మవ్యాధితోనే 1998లో పోయిన అనురాధా సాహా కేసులో 2013లో సుప్రీంకోర్టు దాదాపు 6 కోట్ల పరిహారం ఇప్పించింది. అది చూసి ఆశ పెట్టుకోకండి, ఆవిడ భర్త స్వయంగా డాక్టరు, పదిహేనేళ్ళు పోరాడారు.

మందుల కొట్టు: స్ట్రిప్పు, బిల్లు పారేయకండి. బిల్లడిగితే మా వాళ్ళే మొహం మాడ్చుకుంటారు, అది వేరే సంగతి. మందులు వికటిస్తే చెప్పే సర్కారు నంబరు 1800-180-3024కి కూడా చెప్పండి. పరిహారం రాదు, మందు వికటించినట్టు నమోదవుతుంది.

కోనసీమ కుర్రోడు: ఆసుపత్రి వాళ్ళు కేస్‌షీట్ ఇవ్వమంటే?

కాకినాడ ప్లీడరు: అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. స్పీడ్ పోస్టులో లెటర్ పంపి రసీదు దాచండి.