పిల్లల్ని వాళ్ల నాన్న దగ్గర వదిలి, రెండు రోజులు హైదరాబాద్‌లో ఒక్కదాన్నే ఉండి రావడం తప్పా?

హనుమకొండ అమ్మ

మాది హనుమకొండ. ప్రైవేటు బడిలో టీచర్‌ని. పాపకు ఏడేళ్లు, బాబుకు మూడున్నర. పోయిన నెల రెండో శనివారం, ఆదివారం కలిపి నేనొక్కదాన్నే హైదరాబాద్ వెళ్లొచ్చాను. పెళ్లి లేదు, పరీక్ష లేదు, ఆస్పత్రి పని లేదు. ఊరికే వెళ్లాను. ఆ "ఊరికే" అన్న మాట దగ్గరే బంధువులందరికీ కోపం వచ్చింది.

పొద్దున ఆరింటికి ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాను. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం ఉంది కదా, ఆధార్ చూపిస్తే జీరో టికెట్. ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి, సుల్తాన్ బజార్‌లో దిగాను. నేను డిగ్రీ చదివింది కోఠి ఉమెన్స్ కాలేజీలో. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. గేటు దగ్గర కాసేపు నిలబడి, అక్కణ్నుంచి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాను.

రెండేళ్ల కింద ఇదే మ్యూజియానికి పిల్లలతో వచ్చాను. అప్పుడు నాకు గుర్తున్నవి బాత్‌రూమ్ ఎటు, మంచినీళ్లు ఎటు అన్నవే. ఈసారి పన్నెండు గంటలకు గడియారం ముందు అందరితోపాటు కూర్చున్నాను. తలుపు తీసుకుని గడ్డం ఉన్న చిన్న బొమ్మ మనిషి వచ్చి గంట కొడుతుంటే లెక్కపెట్టాను. తర్వాత రెబెక్కా విగ్రహం ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కాడు. రాయే, కానీ ముసుగు పల్చటి గుడ్డలా ఉంటుంది, లోపల ముఖం కనిపిస్తుంది. డిగ్రీలో ఉన్నప్పుడు వచ్చి ముసుగును చూసి ఆశ్చర్యపోయాను. ఈసారి లోపలున్న అమ్మాయిని చూశాను.

రాత్రికి లక్డీకాపూల్ దగ్గర రూము తీసుకున్నాను, 1,800. తొమ్మిదింటికే పడుకుంటే పొద్దున ఏడున్నర దాకా ఎవరూ లేపలేదు. పాప పుట్టాక అలా నిద్రపోవడం అదే మొదటిసారి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు తిరగేసి నాలుగు కొన్నాను. ఇరానీ చాయ్ తాగి, పిల్లలకు ఉస్మానియా బిస్కెట్లు తీసుకుని, చీకటి పడేసరికి ఇంటికొచ్చేశాను. మొత్తం ఖర్చు 3,400.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న మా పిన్ని నా స్టేటస్ చూసి ఫోన్ చేసింది. "మా ఇల్లుండగా లాడ్జిలో పడుకుంటావా, మేమేమన్నా చచ్చామా" అంది. అత్తగారి వైపు వాళ్లయితే తల్లివయ్యాక కూడా ఈ షికార్లు ఏంటన్నారు. మా ఆయన ఏడాదికి ఒకసారైనా ఫ్రెండ్స్‌తో శ్రీశైలమో గోవానో వెళ్తాడు. పిల్లల్ని ఎవరు చూస్తున్నారని ఆయన్ని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. నిజంగా తప్పు చేశానా?

ఘట్‌కేసర్ నాన్న

చెల్లెమ్మా, తప్పు అనను. కానీ నాకు నచ్చలేదు. ఎందుకో చెప్తాను, కోపం తెచ్చుకోకు.

నా చిన్నప్పుడు మా నాన్నకు దొరికే సెలవులు చాలా తక్కువ. ఒకే ఒక్కసారి మమ్మల్ని గోల్కొండ తీసుకెళ్లాడు. ఆయన కింద ఫతే దర్వాజా దగ్గర నిలబడి చప్పట్లు కొడితే, అమ్మా నేనూ పైన బాలాహిస్సార్ దగ్గర విన్నాం. అంత కిందనుంచి నాన్న చప్పట్లు వినిపించాయి! ఆయన పోయి పన్నెండేళ్లయింది, నాకు ఆయన జ్ఞాపకం అంటే మొదట వచ్చేది ఆ చప్పుడే. ఆ రోజు ఆయన "నాకూ విశ్రాంతి కావాలి, ఒక్కణ్నే వెళ్తాను" అనుంటే నా దగ్గర అది ఉండేది కాదు.

ఆ 3,400తో నలుగురూ వెళ్లి రావచ్చు. జూపార్క్ ఉంది, సోమవారం తప్ప అన్ని రోజులూ తీస్తారు. బిర్లా ప్లానిటేరియం ఉంది. మీ పాపకు సరిగ్గా అవి చూసే వయసు. పదమూడేళ్లొస్తే మనం రమ్మన్నా రారు. మీ ఆయన గోవా సంగతంటావా, అదీ నాకు నచ్చదు. ఆయన వెళ్తున్నాడు కాబట్టి నేనూ వెళ్తాననడం కన్నా ఆయన్ని కూడా మానమనడం మంచిది.

నైట్ డ్యూటీ సిస్టర్

సికింద్రాబాద్‌లో పిల్లల వార్డులో పని చేస్తాను. పిల్లలకు ఏమవుతుందన్న సంగతి వరకు చెప్తాను.

తల్లి కనబడకపోతే బెంగపడి ఏడవడం ఎనిమిది నెలలప్పుడు మొదలై, పది నుంచి పద్దెనిమిది నెలల మధ్య బాగా ఎక్కువగా ఉంటుంది. మూడేళ్లకు చాలామందిలో తగ్గుతుంది. మూడున్నరేళ్ల బాబు, తన ఇంట్లో, తనకు రోజూ అన్నం తినిపించే నాన్న దగ్గర రెండు రోజులుంటే ఏ నష్టమూ లేదు. ఆ "రోజూ తినిపించే" అన్నది ముఖ్యం. ఏనాడూ స్నానం చేయించని తండ్రికి ఒక్కసారిగా అప్పజెబితే ఇద్దరూ ఏడుస్తారు.

పాలు తాగే బిడ్డ ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త. ఉన్నట్టుండి రెండు రోజులు పాలివ్వడం ఆపితే రొమ్ములు గట్టిపడి, నొప్పి, జ్వరం దాకా రావచ్చు. అలా వెళ్లాల్సి వస్తే వేళకు పిండేయాలి.

ఇంకొకటి. నిద్రపోతున్నప్పుడు చెప్పకుండా జారుకోవద్దు. చాలామంది ఏడుస్తారని అదే చేస్తారు. లేచేసరికి అమ్మ మాయమైతే ఆ తర్వాత వారం రోజులు కొంగు వదలరు. "రెండు రాత్రులు పడుకుని లేచేసరికి వచ్చేస్తా" అని చెప్పి, ఏడ్చినా చెప్పే వెళ్లాలి. వీడియో కాల్ పడుకునే ముందు కాకుండా పొద్దున చేస్తే నయం. నిద్రమత్తులో అమ్మ ముఖం కనిపిస్తే ఇంకా బెంగ పడతారు.

దిల్‌సుఖ్‌నగర్ వాసి

రూము సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. చుట్టాలింటికి వెళ్తే వంటింట్లో సాయం చేయాలి, పిన్ని కూతురి పెళ్లి సంబంధాల కథ వినాలి, రాత్రి పదకొండు దాకా మాటలు. అదీ బాగుంటుంది, కానీ అది విశ్రాంతి కాదు. అక్కా, మీ పిన్నికి ముందే ఒక ఫోన్ చేసి "ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వస్తా" అని ఉంటే ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు. స్టేటస్‌లో చూసి తెలుసుకోవడమే ఆమెకు గుచ్చుకుంది.

మల్కాజిగిరి నానమ్మ

నాకు అరవై మూడేళ్లు. మనవరాలు టైప్ చేసి పెడుతోంది. బిడ్డా, నువ్వు వెళ్లినందుకు నాకు కోపం లేదు. మేము వెళ్లలేకపోయాం, మీరైనా వెళ్లండి.

కానీ ఈ మాటలన్నిట్లో "నాన్న దగ్గర వదిలి" అని రాస్తారు. చాలా ఇళ్లల్లో ఆ నాన్న టీవీ ముందు కూర్చుంటాడు, పిల్లల వెంట పరుగెత్తేది నానమ్మో అమ్మమ్మో. నా మోకాళ్లు అరిగి మూడేళ్లయింది. నా కోడలు చక్కటి పిల్ల, కిందటేడు మూడు రోజులు వాళ్ల ఆఫీసు వాళ్లతో వెళ్లింది. మనవణ్ని నాకు అప్పజెప్పింది అంటే నిజానికి నా కొడుకు నాకు అప్పజెప్పాడు. నన్ను ఎవరూ అడగలేదు, "అమ్మ ఉందిగా" అన్నారు. నేనూ తిరుపతి వెళ్లి ఆరేళ్లయింది. మీ విశ్రాంతి మా ఒంటి మీద పడుతుంటే ముందు మమ్మల్ని ఒక మాట అడగండి. అంతే.

హనుమకొండ అమ్మ

నానమ్మా, మీరన్నది నా మనసుకు తగిలింది. మా ఇంట్లో అలా కాకూడదనే మా అత్తమ్మ జనగామలో పెళ్లికి వెళ్లిన వారాన్నే ఎంచుకున్నాను. ఇంట్లో మా ఆయన ఒక్కడే. పప్పు, అన్నం వండాడు, రెండు పూటలా స్నానాలు చేయించాడు.

అన్నా, గోల్కొండ చప్పట్ల మాట చదివి కళ్లల్లో నీళ్లొచ్చాయి. పిల్లలతో వెళ్లడం నాకు ఇష్టం లేక కాదు. వాళ్లతో వెళ్లినప్పుడు నేను డ్యూటీలోనే ఉంటాను. బడిలో నలభై మంది, ఇంట్లో ఇద్దరు. ఎవరూ "టీచర్" అనీ "అమ్మా" అనీ పిలవని ఒక్క రోజు కావాలనిపించింది.

అసలు నన్ను బాధపెడుతున్నది మొదట రాయలేదు. శనివారం రాత్రి బాబుకు జ్వరం వచ్చింది, 101. మా ఆయన ఇంట్లో ఉన్న సిరప్ వేసి, తడిగుడ్డతో తుడిచి, రాత్రంతా పక్కనే కూర్చున్నాడు. పొద్దుటికి తగ్గింది. నాకు ఫోన్‌లో "అంతా బాగుంది" అన్నాడు. పాప నోరు జారితే సోమవారం తెలిసింది. అడిగితే "చెప్తే నువ్వు అర్ధరాత్రి బస్సెక్కేదానివి" అన్నాడు. బంధువుల మాటలు రెండు రోజుల్లో మర్చిపోయాను. ఇది మాత్రం పోవట్లేదు. నేను హాయిగా నిద్రపోయిన ఆ రాత్రే వాడికి జ్వరం.

తార్నాక నుంచి

నేనూ మీ ఆయన చేసిందే చేసేవాణ్ని. చేతనైంది చేశాడు, తగ్గింది. లక్డీకాపూల్‌లో కూర్చుని మీరేం చేయగలరు, ఏడవడం తప్ప? మీకు ఒక్క రాత్రి నిద్ర ఇవ్వాలని ఆ మనిషి తను మేల్కొన్నాడు. దాన్ని అబద్ధం అంటే ఆయనకు అన్యాయం చేసినట్టే.

ఇద్దరు ఆడపిల్లల తల్లి

తార్నాక అన్నా, మీరు మంచి మనసుతోనే అన్నారు. అయినా ఒప్పుకోలేను. ఈసారి "అంతా బాగుంది" అన్నది నిజం కాదని ఆమెకు తెలిసిపోయింది. ఇంకోసారి వెళ్తే ఆయన ఆ మాట అన్న ప్రతిసారీ టెన్షనే. అలాంటప్పుడు ఇక నిద్ర ఎక్కడిది? చెప్పి, "నేను చూసుకుంటా, నువ్వు రావద్దు" అని ఉండాల్సింది. వెళ్లాలో ఉండాలో ఆమె తేల్చుకునేది. తండ్రి బయటికెళ్లినప్పుడు బిడ్డకు జ్వరమొస్తే మనం చెప్తాం, ఆయన అక్కడే ఉంటాడు, ఆయన్ని ఎవరూ రాతిగుండె అనరు. తల్లి తెలిసీ ఆగిపోతే ఏమంటారోనన్న భయం వల్లే ఆయన చెప్పలేదనిపిస్తోంది నాకు.

నైట్ డ్యూటీ సిస్టర్

జ్వరం గురించి రెండు మాటలు. 101 ఉండి, నీళ్లు తాగుతూ, పలకరిస్తే పలుకుతుంటే ఇంట్లో చూసుకోవచ్చు. సిరప్ మాత్రం బరువును బట్టి డాక్టర్ రాసిచ్చిన మోతాదే, అంచనా వేసి పోయకూడదు. ఏమీ తాగకపోయినా, మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి వేగంగా తీస్తున్నా ఆగకుండా ఆస్పత్రికి. ఇది కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించి వెళ్లండి. మీరు ఊళ్లో ఉన్నా పనికొస్తుంది.

జీడిమెట్ల

అక్కలూ, నేను కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాను. ఆయన లేడు, పాపకు ఐదేళ్లు. నాకు దొరికేది ఒక్క ఆదివారం. రూముకు 1,800 అంటే నాకు నాలుగు రోజుల కూలి. ఫ్రీ బస్సు వచ్చాక నెలకోసారి జేబీఎస్ నుంచి సిద్దిపేట బస్సెక్కి మా అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. పాపను అమ్మ ఎత్తుకోగానే నేను చాప వేసుకుని పడుకుంటాను. సాయంత్రం నాలుగింటికి లేపి చాయ్ ఇస్తుంది. ఇంతకుముందు రానూపోనూ చార్జీలు చూసుకుని మూడు నెలలకోసారి వెళ్లేదాన్ని.

నానమ్మ రాసింది చదివాక మా అమ్మను నేనూ ఎప్పుడూ అడగలేదని గుర్తొచ్చింది. ఈసారి అడుగుతాను.

ఘట్‌కేసర్ నాన్న

మళ్లీ చెప్తున్నా, నా అభిప్రాయం మారలేదు, నేనైతే పిల్లల్ని తీసుకునే వెళ్తాను. కానీ గోల్కొండ వెళ్లిన రోజు మా అమ్మ ఎలా ఉందని రాత్రి ఆలోచించాను. పులిహోర డబ్బా, నీళ్ల క్యాన్, చంకలో చెల్లి. అన్ని మెట్లూ అలాగే ఎక్కింది. నాన్న చప్పట్లు గుర్తున్నాయి గానీ అమ్మ ఆ రోజు ఏమందో ఒక్క మాట కూడా గుర్తులేదు. రేపు ఊరికి ఫోన్ చేసి అడుగుతాను.

హనుమకొండ అమ్మ

మా ఆయనకు ఇదంతా చదివి వినిపించాను. జ్వరం విషయంలో ఆయన ఇంకా తను చేసిందే సరైనదంటున్నాడు. నేను కాదంటున్నాను. చివరికి ఒక్కటి ఒప్పుకున్నాడు, థర్మామీటర్‌లో 100 దాటితే మెసేజ్ పెడతాడు, నేను ఫోన్ చేసి అడిగితే ఉన్నదున్నట్టు చెప్తాడు, బస్సెక్కాలా వద్దా అన్నది నా ఇష్టం.

పిన్ని ఇంటికి వచ్చే ఆదివారం భోజనానికి వెళ్తున్నాం, నలుగురం. గడ్డం తాత గంట కొట్టడం చూస్తానని పాప పట్టుబట్టింది, అందుకని ముందు మ్యూజియం. పన్నెండుకు అరగంట ముందే వెళ్తే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. బాబును బాత్‌రూమ్‌కు ఆయన తీసుకెళ్తానన్నాడు.